లూపస్ వ్యాధికి లోనయ్యే గుణం: జన్యు కారకాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల కేంద్రక పదార్థంపైనే ప్రతిరక్షకాలను తయారుచేయడం సిస్టమిక్ లూపస్ ఎరిథమాటోసస్ వ్యాధి లక్షణం. ఈ వ్యాధికి లోనయ్యే గుణంలో జన్యువుల పాత్ర ఎంత, అది ఏ మార్గాల్లో పనిచేస్తుంది, స్త్రీలలో వ్యాధి ఎక్కువగా కనిపించడానికి జన్యుపరమైన కారణాలు ఏమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇతర దేశాల జనాభాలపై జరిగిన పరిశోధనల ఫలితాలు భారతీయ కుటుంబాలకు ఎంతవరకు వర్తిస్తాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: లూపస్, రోగనిరోధక వ్యవస్థ, సంపూరక ప్రోటీన్లు, ఇంటర్‌ఫెరాన్, ఎక్స్ క్రోమోజోమ్, మేనరికం.

1. ఉపోద్ఘాతం

లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. ముఖంపై ఏర్పడే పుండ్లు తోడేలు కరచిన గాయాల్లా ఉంటాయన్న పోలికతో మధ్యయుగాల యూరప్ వైద్యులు ఈ పేరు వాడారు. ఇది చర్మానికే పరిమితమైన జబ్బు కాదనీ, లోపలి అవయవాలనూ పట్టి పీడిస్తుందనీ 1872లో వియన్నా వైద్యుడు కపోసి వివరించాడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం రోగుల ఎముకమజ్జలో ఎల్.ఇ. కణాన్ని గుర్తించింది. మరొక కణపు కేంద్రకాన్ని మింగిన తెల్లరక్తకణం అది. ఈ వ్యాధి మూలం కేంద్రక పదార్థంతో ముడిపడి ఉందనడానికి అది తొలి ప్రత్యక్ష ఆధారం.

కీళ్ల నొప్పులు, ఎండ తగిలితే ఎర్రబడే చర్మం, బుగ్గలపై సీతాకోకచిలుక ఆకారపు మచ్చ, జుట్టు రాలడం, మూత్రపిండాల వాపు – వ్యాధి ఒక్కొక్కరిలో ఒక్కొక్క రూపంలో బయటపడుతుంది. సంతానోత్పత్తి వయసులో రోగులలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. కనుక వ్యాధి నిర్ధారణ జరిగిన వెంటనే ఇంట్లో తలెత్తే ప్రశ్న వైద్యానికి సంబంధించినది మాత్రమే కాదు. ఇది వంశపారంపర్యమా? చెల్లెలికీ వస్తుందా? పుట్టబోయే బిడ్డ మాటేమిటి? పెళ్లి సంబంధాల సమయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. శాస్త్రం చెప్పే సమాధానం అవును, కాదు అనే రెండు మాటల్లో ఇమడదు. అది ఎందుకు ఇమడదో తెలుసుకోవడం అవసరం.

2. కవలలు, కుటుంబాలు చెప్పే సాక్ష్యం

ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యుసంపద దాదాపు ఒక్కటే. వ్యాధి పూర్తిగా జన్యువుల వల్లనే వచ్చేదైతే ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికీ తప్పక రావాలి. 1975లో కొద్దిపాటి కవల జంటలపై వెలువడిన అధ్యయనంలో ఈ ఏకీభావం సగానికి మించి కనిపించింది. తరువాత 1992లో డీపెన్ బృందం 107 జంటలను పరిశీలించింది. ఏకాండ కవలల్లో 24 శాతం, వేరువేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో 2 శాతం జంటల్లో మాత్రమే ఇద్దరికీ వ్యాధి ఉందని తేల్చింది. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరం జన్యువుల ప్రభావాన్ని చూపుతుంది. అదే సమయంలో, ఒకే జన్యుసంపద ఉన్న జంటల్లో మూడు వంతులకు పైగా రెండవవారికి వ్యాధి రాలేదన్న సంగతి ఆ ప్రభావానికి గల హద్దును చూపుతుంది.

ఇంతకంటే విస్తృతమైన లెక్క తైవాన్ నుంచి వచ్చింది. ఆ దేశపు ఆరోగ్య బీమా రికార్డుల ఆధారంగా 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, లూపస్ రోగి తోబుట్టువులకు ముప్పు సాధారణ జనంతో పోలిస్తే దాదాపు 24 రెట్లు. వ్యాధికి లోనయ్యే గుణంలోని తేడాల్లో 44 శాతం వారసత్వానికి, సుమారు 26 శాతం కుటుంబసభ్యులు పంచుకునే పరిసరాలకు, తక్కినది ఎవరికివారికి ఎదురయ్యే పరిసరాలకు చెందుతుందని ఆ పరిశోధకులు అంచనా వేశారు. రక్తసంబంధం లేని జీవిత భాగస్వామికి కూడా ముప్పు నాలుగు రెట్లకు పైగా ఉండటం ఈ అధ్యయనంలో అంతగా చర్చకు రాని, కాని గమనించదగిన అంశం.

24 రెట్లు అన్న మాట వినగానే గుండె జారుతుంది. కాని రెట్టింపులకు అర్థం మూలసంఖ్యతో కలిపి చూసినప్పుడే తెలుస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో మాలవీయ బృందం చేసిన సర్వే 1993లో వెలువడింది. అందులో లక్షమందికి 3.2 మంది చొప్పున లూపస్ రోగులు కనిపించారు. రోగుల్లో అత్యధికులు స్త్రీలే కనుక, స్త్రీలలో ఈ సంఖ్య లక్షకు ఆరు అనుకుందాం. తైవాన్ గుణకాన్ని దీనికి వర్తింపజేస్తే రోగి సోదరికి వచ్చే ముప్పు లక్షకు 144, అంటే సుమారు 700 మందిలో ఒకరికి. పాత సర్వేలో చాలా కేసులు లెక్కకు రాలేదని భావించి మూలసంఖ్యను పది రెట్లు పెంచినా 70 మందిలో ఒకరికి మించదు. ఇది స్థూలమైన అంచనా మాత్రమే. ఒక దేశపు గుణకాన్ని మరొక దేశపు సంఖ్యకు తగిలించడంలోని ఇబ్బంది తెలిసినదే. అయినా, రోగి చెల్లెలి పెళ్లి ఆపడానికి ఈ లెక్కలో ఎక్కడా ఆధారం దొరకదు.

3. ఒక్క జన్యువు చాలిన సందర్భాలు

బహుకొద్ది కుటుంబాల్లో ఒక్క జన్యువు లోపమే వ్యాధిని తెస్తుంది. ఈ కుటుంబాలు సంఖ్యలో స్వల్పమైనా, వ్యాధి మూలతత్త్వాన్ని అర్థం చేయించినవి ఇవే. రోగనిరోధక వ్యవస్థలో కాంప్లిమెంట్ అని పిలిచే సంపూరక ప్రోటీన్ల వరుస ఒకటి ఉంది. దాని ఆరంభంలో నిలిచే సి1క్యూ ప్రోటీన్ పూర్తిగా లోపించినవారిలో 90 శాతానికి పైగా లూపస్‌కు గానీ దానిని పోలిన వ్యాధికి గానీ గురవుతారు. సి4 పూర్తి లోపంలో ఇది సుమారు 75 శాతం. సి2 లోపంలో ఇంకా చాలా తక్కువ. మానవ జన్యుశాస్త్రంలో లూపస్‌కు సి1క్యూ లోపాన్ని మించిన ముప్పు మరొకటి కనబడలేదు.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. లూపస్ రోగుల మూత్రపిండాల్లో కణజాలాన్ని దెబ్బతీసేది సంపూరక ప్రోటీన్లే. అలాంటప్పుడు అవి లేకపోతే వ్యాధి తగ్గాలి కదా? 1998లో బోటో, వాల్‌పోర్ట్ బృందం సి1క్యూ లేని ఎలుకలను రూపొందించి ఈ చిక్కును విప్పింది. ఆ ఎలుకల్లో కేంద్రక పదార్థానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టాయి. మూత్రపిండాలు వాచాయి. వాటిలో చనిపోయిన కణాల శకలాలు ఎత్తివేతకు నోచుకోక పేరుకుపోయాయి. మానవదేహంలో ప్రతిరోజూ కోట్లాది కణాలు మరణిస్తాయి. ఇంట్లో చెత్త ఎత్తేవారు లేకపోతే కుళ్లు పట్టినట్లే, ఈ మృతకణాలను తొలగించే ఏర్పాటు దెబ్బతింటే లోపల దాగి ఉండవలసిన డీఎన్‌ఏ రోగనిరోధక వ్యవస్థ కంటబడుతుంది. సి1క్యూ ఆ శకలాలకు గుర్తు అంటించి భక్షక కణాలకు అప్పగించే పని చేస్తుంది.

డీఎన్‌ఏను ముక్కలుచేసే ఎంజైముల లోపాలు కూడా ఇదే కథ చెబుతాయి. 2011లో సౌదీ అరేబియా కుటుంబాల్లో బాల్యంలోనే వచ్చే లూపస్‌కు డీఎన్‌ఏస్1ఎల్3 జన్యులోపం కారణమని తేలింది. రక్తంలో తేలియాడే డీఎన్‌ఏను విచ్ఛిన్నం చేయడం ఆ ఎంజైము పని. కణద్రవంలో చేరిన డీఎన్‌ఏను తొలగించే ట్రెక్స్1 ఎంజైములో లోపం ఉంటే, కణం ఆ డీఎన్‌ఏను వైరస్‌దిగా పొరబడి ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేస్తుంది. పసిపిల్లల మెదడును దెబ్బతీసే ఐకార్డి–గూటియెర్ వ్యాధికీ, చలికి వేళ్లు కమిలిపోయే ఒక రకపు కుటుంబగత లూపస్‌కూ ఈ ఒక్క జన్యువే కారణం కావడం విశేషం.

4. ఆరవ క్రోమోజోమ్‌లోని చిక్కుముడి

సాధారణ రోగుల్లో అధికశాతానికి పై లోపాలేవీ ఉండవు. వారిలో తొలిసారిగా 1971లో దొరికిన జన్యుసంబంధం హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లతో. సొంతమేదో పరాయిదేదో తేల్చడానికి కణం తన లోపలి ప్రోటీన్ ముక్కలను ప్రదర్శించే వేదికలు ఇవి. ఆరవ క్రోమోజోమ్‌పై ఒకేచోట గుంపుగా ఉన్న జన్యువులు వీటిని నిర్మిస్తాయి. యూరప్ సంతతివారిలో డీఆర్2, డీఆర్3 రకాలకు లూపస్‌తో సంబంధం పదేపదే రుజువైంది. అయితే ఈ రకాలు ఉన్నవారిలో అత్యధికులకు లూపస్ ఎన్నడూ రాదు.

చాలాకాలం ఇక్కడ ఒక సందేహం నిలిచిపోయింది. హెచ్‌ఎల్‌ఏ జన్యువుల పక్కనే సి4 జన్యువులు ఉంటాయి. ఇవి సి4ఏ, సి4బి అని రెండు రకాలు. మొత్తం ప్రతులు మనిషి మనిషికీ మారుతూ సాధారణంగా రెండు నుంచి ఎనిమిది వరకు ఉంటాయి. యూరప్ జనాభాలో డీఆర్3 ఉన్న క్రోమోజోమ్‌లో సి4ఏ ప్రతి ఉండదు. రెండూ జంటగానే సంక్రమిస్తాయి కనుక దోషి ఎవరో తేల్చడం కష్టమైంది. 2020లో నేచర్ పత్రికలో వెలువడిన కమితాకి బృందం పరిశోధన, ఆఫ్రికన్ అమెరికన్ల జన్యుసమాచారాన్ని ఉపయోగించి ఈ ముడి విప్పింది. వారిలో ఈ రెండింటి జంట అంత బిగువుగా ఉండదు. సి4 ప్రతుల తేడాల వల్లనే లూపస్ ముప్పులో ఏడు రెట్ల వ్యత్యాసం వస్తుందనీ, ప్రతులు ఎక్కువైతే రక్షణ ఎక్కువనీ, సి4ఏ రక్షణ మరింత బలమైనదనీ వారు చూపారు. లూపస్ నుంచి కాపాడే ఈ ప్రతులే స్కిజోఫ్రీనియా ముప్పును పెంచుతాయి. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అన్న విభజన ఎంత తొందరపాటో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

5. సమస్త జన్యురాశి అన్వేషణ

ఒక్కొక్క జన్యువును అనుమానించి పరీక్షించే పద్ధతికి భిన్నంగా, వేలమంది రోగుల, ఆరోగ్యవంతుల జన్యురాశి మొత్తాన్ని లక్షలాది స్థానాల్లో పోల్చే పద్ధతి 2008లో లూపస్‌కు వర్తించింది. ఆ ఒక్క ఏడాదే ఐటీజీఏఎమ్, బీఎల్‌కే, బ్యాంక్1, టీఎన్‌ఎఫ్‌ఏఐపీ3 వంటి జన్యువులు వెలుగులోకి వచ్చాయి. 2015 నాటికి యూరప్ సంతతివారిలో 43 స్థానాలు, 2021లో రెండు లక్షలకు పైగా తూర్పు ఆసియా ప్రజలను కలిపి విశ్లేషించిన అధ్యయనంలో 113 స్థానాలు లెక్కతేలాయి.

సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కదాని బలం చిన్నదే అని తేలింది. వీటిలో ఎక్కువ భాగం ముప్పును పది, ఇరవై, ముప్పై శాతం మేర పెంచేవి మాత్రమే. పైగా చాలా స్థానాలు ప్రోటీన్‌ను నిర్మించే భాగంలో లేవు. జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నిర్ణయించే ప్రాంతాల్లో ఉన్నాయి. అయినా వీటిని ఒకచోట చేర్చి చూస్తే మూడు ప్రవాహాలు కనిపిస్తాయి: మృతకణాల తొలగింపు, బి, టి లింఫోకణాల అదుపు, ఇంటర్‌ఫెరాన్ మార్గం. వీటిలో మూడవది అత్యంత ఫలవంతమైంది.

వైరస్‌లను ఎదుర్కోవడానికి శరీరం విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ లూపస్ రోగుల రక్తంలో ఎక్కువగా ఉందని 1979లోనే గమనించారు. కేన్సర్ చికిత్సలో ఇంటర్‌ఫెరాన్ తీసుకున్నవారిలో కొందరికి లూపస్ రావడం వైద్యులను ఆలోచింపజేసింది. 2003లో రెండు బృందాలు విడివిడిగా రోగుల రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ ప్రేరేపించే జన్యువులు మూకుమ్మడిగా మేల్కొని ఉన్నాయని చూపాయి. అది వ్యాధి ఫలితమా, కారణమా అన్న సందేహానికి జన్యుశాస్త్రం జవాబిచ్చింది. ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తిని నడిపే ఐఆర్‌ఎఫ్5 జన్యువుకు 2005లో, దాని సంకేతాన్ని అందుకునే మార్గంలోని స్టాట్4 జన్యువుకు 2007లో లూపస్‌తో సంబంధం రుజువైంది. జన్యురూపం పుట్టుకతోనే స్థిరపడుతుంది కనుక వ్యాధి దాన్ని మార్చలేదు. అందువల్ల ఈ మార్గం కారణాల వరుసలో ముందే ఉందని భావించవచ్చు. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని అడ్డగించే అనిఫ్రోలుమాబ్ మందుకు 2021లో అమెరికాలో అనుమతి లభించింది.

ఈ అన్వేషణ పద్ధతి కళ్లుగప్పి తప్పించుకున్న జన్యువు కూడా ఒకటి ఉంది. ఎన్‌సీఎఫ్1 జన్యువుకు జన్యురాశిలో పనిచేయని నకళ్లు రెండు ఉన్నాయి. సాధారణ పరీక్షాపద్ధతులు అసలుకూ నకలుకూ తేడా పట్టలేకపోయాయి. నకలును వేరుచేసి చూసినప్పుడు, 2017లో, తూర్పు ఆసియావారిలో లూపస్‌కు బలమైన కారకాల్లో ఇదొకటని బయటపడింది. సూక్ష్మజీవులను చంపే ఆక్సీకారకాల తయారీలో ఈ జన్యువు పాల్గొంటుంది. ఆక్సీకారకాలు తగ్గితే వాపు తగ్గుతుందన్నది సాధారణ నమ్మకం. ఇక్కడ అవి తగ్గినప్పుడే వ్యాధి ముప్పు పెరుగుతోంది.

6. స్త్రీలనే ఎందుకు?

హార్మోన్లే కారణమన్న వివరణ చాలాకాలం చలామణీ అయింది. ఈస్ట్రోజన్ పాత్రను ఎవరూ తోసిపుచ్చలేదు. కాని 2008లో వచ్చిన ఒక పరిశీలన చర్చను మలుపు తిప్పింది. క్లైన్‌ఫెల్టర్ స్థితిలో పురుషునికి ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది. లూపస్ ఉన్న పురుషుల్లో ఈ స్థితి సాధారణ పురుషుల్లో కంటే సుమారు 14 రెట్లు అధికమని స్కోఫీల్డ్ బృందం గుర్తించింది. వీరిలో పురుష హార్మోన్ తక్కువగా ఉండటం వాస్తవమే అయినా, ఎక్స్ క్రోమోజోమ్ సంఖ్యకే స్వతంత్ర ప్రభావం ఉందన్న అనుమానం దీనితో బలపడింది.

స్త్రీ కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లలో ఒకటి నిద్రాణమవుతుంది. అయితే ఆ నిద్ర సంపూర్ణం కాదు. ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి ఇంటర్‌ఫెరాన్‌ను ప్రేరేపించే టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పైనే ఉంది. స్త్రీల రోగనిరోధక కణాల్లో కొన్నింటిలో అది రెండు ప్రతుల నుంచీ పనిచేస్తుందని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. ఎలుకల సాక్ష్యం అంతకుముందే ఉంది. ఒక ఎలుక జాతిలో ఈ జన్యువున్న ముక్క పొరపాటున వై క్రోమోజోమ్‌కు చేరి, మగ ఎలుకల్లోనే లూపస్ తీవ్రమైంది. 2022లో తీవ్రమైన లూపస్‌తో బాధపడుతున్న స్పెయిన్ బాలికలో ఈ జన్యువులో ఒకే ఒక్క అక్షరపు మార్పు కనబడింది. అదే మార్పును ఎలుకల్లో ప్రవేశపెట్టగా వాటికీ లూపస్ లాంటి వ్యాధి వచ్చింది.

రెండవ ఎక్స్‌ను నిద్రపుచ్చే ఎక్సిస్ట్ ఆర్‌ఎన్‌ఏ కూడా అనుమానితుల జాబితాలో చేరింది. దానికి అంటుకొని ఉండే ప్రోటీన్లకు వ్యతిరేకంగా రోగుల్లో ప్రతిరక్షకాలు ఉన్నాయని, మగ ఎలుకల్లో ఈ ఆర్‌ఎన్‌ఏను పలికిస్తే వ్యాధి తీవ్రమవుతుందని స్టాన్‌ఫర్డ్ బృందం 2024లో వెల్లడించింది. దీనికి తోడు, యౌవనంలోనూ నడివయసులోనూ పురుషుల రక్తంలో సి4 ప్రోటీన్ స్త్రీలలో కంటే ఎక్కువ. పైన చెప్పిన చెత్త ఎత్తివేత ఏర్పాటు పురుషుల్లో కాస్త దిట్టంగా ఉంటుందన్నమాట.

7. ఒకప్పటి రక్షణ, నేటి ముప్పు

ఇంత హాని చేసే జన్యురూపాలు ఇంతకాలం ఎలా నిలిచాయి? ఎఫ్‌సీజీఆర్2బి అనే జన్యువు ప్రతిరక్షకాల తయారీకి కళ్లెం వేస్తుంది. ఆ కళ్లేన్ని సడలించే ఒక రూపం ఆఫ్రికా, ఆగ్నేయాసియా ప్రజల్లో యూరప్ వారికంటే తరచుగా కనిపిస్తుంది. 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఈ రూపం రెండు ప్రతులూ ఉన్నవారికి లూపస్ ముప్పు ఎక్కువ. కాని అవే రెండు ప్రతులున్న కెన్యా పిల్లలకు తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంది. మలేరియా తాండవించిన ప్రాంతాల్లో ఆ సడలింపు ప్రాణాలు నిలిపి ఉంటుంది.

జన్యురూపాల పంపిణీ ప్రాంతాన్ని బట్టి మారుతుందన్న విషయం పరిశోధనలను చదివేవారు మరువరాదు. యూరప్‌లో పలు రోగనిరోధక వ్యాధులతో సంబంధమున్న పీటీపీఎన్22 రూపం తూర్పు ఆసియావారిలో దాదాపు లేదు. ఒక జనాభాలో కూర్చిన ముప్పు సూచికను మరొక జనాభాకు యథాతథంగా వాడితే తప్పుడు భరోసా గానీ అనవసర భయం గానీ మిగులుతుంది. భారతీయుల విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ. పెద్ద అధ్యయనాల్లో ఎక్కువ భాగం యూరప్, తూర్పు ఆసియా సంతతులపైనే జరిగాయి. బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియావారిలో లూపస్ అక్కడి శ్వేతజాతీయుల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుండగా, భారతదేశపు సర్వే సంఖ్య అంత తక్కువగా ఉండటానికి జన్యువులతో పాటు పరిసరాలు, వ్యాధిని గుర్తించే సదుపాయాలు కూడా కారణం కావచ్చు.

8. తెలుగు నేల సందర్భం

భారతీయ జనాభాను ఒకే ముద్దగా చూడరాదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనాలు 2009 నుంచి చెబుతూ వస్తున్నాయి. శతాబ్దాల తరబడి తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల జన్యులోపాలు తరచుగా ఎదురవుతాయి. 2017లో వెలువడిన వారి అధ్యయనం ఇందుకు ఎత్తిచూపిన ఉదాహరణ తెలుగువారికి సుపరిచితమైనది: వైశ్య సమాజంలో కొందరికి మత్తుమందు ప్రభావం ప్రమాదకరంగా పొడిగిపోయేలా చేసే బ్యూటైరిల్ కొలినెస్టరేజ్ లోపం. అది లూపస్‌కు సంబంధించినది కాదు. కాని తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట ప్రతి వస్తేనే బయటపడే సి1క్యూ, డీఎన్‌ఏస్1ఎల్3 లోపాలకూ సూత్రం అదే. మేనరికాలు వాడుకలో ఉన్న ఆంధ్ర, తెలంగాణ కుటుంబాల్లో ఇటువంటి లోపాలు రెండు వైపుల నుంచి కలిసే అవకాశం హెచ్చు. ఈ మాటను మేనరికం వల్లనే లూపస్ వస్తుందన్న అర్థంలో తీసుకోకూడదు. వందలాది జన్యువుల స్వల్ప ప్రభావాలు కలిసి ఏర్పడే సాధారణ లూపస్ విషయంలో అలాంటి నిర్ధారణకు ఆధారం లేదు. 83 జనసమూహాల నుంచి దాదాపు 10,000 మంది జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు, ఆరోగ్యవంతులైన భారతీయుల్లో ఏ రూపం ఎంత తరచుగా ఉంటుందో పోల్చిచూసే వీలు కల్పించింది. దానికి సరితూగే స్థాయిలో లూపస్ రోగుల జన్యుసమాచారం ఇంకా సమకూరవలసి ఉంది.

అప్పటివరకు జన్యుపరీక్ష ఎవరికి పనికొస్తుంది? పాతికేళ్ల యువతికి మొదటిసారి వ్యాధి బయటపడినప్పుడు దానివల్ల చికిత్స మారదు. ఆమె చెల్లెలికి పరీక్ష చేయించి భవిష్యత్తు చెప్పడం అసాధ్యం. ఐదేళ్లలోపు బిడ్డకు లూపస్ వచ్చినప్పుడు, అన్నదమ్ముల్లో గానీ అక్కచెల్లెళ్లలో గానీ మరొకరికి అదే జబ్బు ఉన్నప్పుడు, తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనప్పుడు మాత్రం పరిస్థితి వేరు. సి1క్యూ లోపం తేలితే తాజాగా ఘనీభవింపజేసిన ప్లాస్మా ఎక్కించి ఆ ప్రోటీన్‌ను తాత్కాలికంగా అందించవచ్చు. సి1క్యూను ప్రధానంగా తయారుచేసేది ఎముకమజ్జ నుంచి పుట్టే భక్షక కణాలు కనుక, ఎంపిక చేసిన పిల్లల్లో మూలకణ మార్పిడి జరిపి ఆ ప్రోటీన్ ఉత్పత్తిని పునరుద్ధరించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఆ తల్లిదండ్రులకు తరువాతి ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుందని కూడా అప్పుడే కచ్చితంగా చెప్పగలుగుతారు.